కోటలో చర్చి, కోట బయట గోరీలు
(స్మారకోపన్యాస పాఠం)



ఎవరి పేరు మీద మనం ఏటా ఇలా కూడుతున్నామో ఆ మాస్టారు జీవితమంతా శాసనాలు చదివారు. రాతి మీద ఉన్నది చదివితే సగం పనే అయిందనేవారు. ఆ రాయి ఎవరు చెక్కారు, ఖర్చు ఎవరు పెట్టుకున్నారు, ఎవరి పేరు రాయకుండా వదిలేశారు అని అడిగితేనే తక్కిన సగం పూర్తవుతుందని శిష్యులకు చెప్పేవారు. ఆయన చూపిన ఆ పద్ధతిలోనే ఇవాళ పులికాట్ సమాధుల తోటలోని రాళ్ళను చదవబోతున్నాను. వాటి మీద ఉన్నవి డచ్చి, లాటిన్ అక్షరాలు. వాటి కింద ఉన్నవాళ్ళు ఒక కోటలో కాపురముండి, ఆ కోటలోనే కీర్తనలు పాడుకున్న రిఫార్మ్డ్ క్రైస్తవ సంఘంవాళ్ళు.

మన సూళ్ళూరుపేట వైపువాళ్ళు ప్రళయకావేరి అని పిలుచుకునే పులికాట్ సరస్సు సముద్రంలో కలిసే చోట, తమిళనాడు తిరువళ్ళూరు జిల్లాలో ఆ ఊరుంది. తమిళులు పళవేర్కాడు అంటారు. సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌ది, ఊరు తమిళనాడుది. 1610లో ఈ సరిహద్దు లేదు. అప్పుడు ఆ తీరం మీద అధికారం వేలూరు, చంద్రగిరి కేంద్రాలుగా ఏలుతున్న అరవీటి వేంకటపతిరాయలది. విజయనగరం పాడుబడ్డాక మిగిలిన రాజ్యమది.

డచ్చి ఈస్టిండియా కంపెనీ 1602లో పుట్టింది. మూడేళ్ళలో దాని ఓడలు మచిలీపట్నం చేరాయి. వెంటనే పెటపోలి రేవులో, అంటే నేటి నిజాంపట్నంలో, కోఠీ పెట్టుకున్నారు. వాళ్ళకు కావలసింది మన బట్ట. జావాలో, మొలక్కా దీవుల్లో మిరియాలకూ లవంగాలకూ జాజికాయకూ బదులుగా అక్కడివాళ్ళు అడిగింది కోరమండల్ అద్దకం బట్టలే. 1610లో వేంకటపతిరాయల అనుమతితో పులికాట్‌లో కోఠీ కట్టుకున్నారు. పక్కనే శాంతోమ్‌లో ఉన్న పోర్చుగీసువాళ్ళు 1612లో వచ్చి దాన్ని ధ్వంసం చేశారు. మరుసటేడు, 1613లో, అక్కడ కోట లేచింది. కోరమండల్ వ్యవహారాలు చూస్తున్న వెమ్మర్ వాన్ బెర్ఖెమ్ తన సొంత ప్రాంతం గెల్డర్‌లాండ్ పేరు దానికి పెట్టాడు. అదే గెల్డ్రియా కోట.

ఏడాది తిరిగేసరికి వేంకటపతిరాయలు కన్నుమూశారు. గొబ్బూరి జగ్గరాయుడికీ వెలుగోటి యాచమనాయుడికీ మధ్య వారసత్వ యుద్ధం రాజుకుంది. తోపూరు యుద్ధం దాకా సాగిన ఆ కల్లోలంలో బయట ఎవరు గెలిచినా కోట లోపల బట్టల మూటలు భద్రంగా ఉన్నాయి. టంకశాల వచ్చింది, తుపాకి మందు తయారీ వచ్చింది. ఆ మూటలను, ఆ మందును కాసే మనుషుల కోసం పాస్టరు వచ్చాడు.

ఈ వరుస ముఖ్యం. ఐరోపాలో కోట చర్చిలు చాలా ఉన్నాయి. ట్రాన్సిల్వేనియా పల్లెల్లో టర్కుల దాడులకూ తాతార్ల దాడులకూ భయపడి రైతులు ముందున్న చర్చి చుట్టూ ఎత్తయిన గోడలు కట్టుకున్నారు. దాడి వస్తే ఊరంతా ధాన్యంతో సహా ఆ గోడల్లోకి వెళ్ళేది. మతసంస్కరణ తర్వాత అక్కడి హంగేరియన్ గ్రామాల్లో అలాంటి చర్చిలు ఎన్నో రిఫార్మ్డ్ చర్చిలయ్యాయి. పులికాట్‌లో జరిగింది తలకిందుల వ్యవహారం. ముందు వర్తకం, తర్వాత గోడ, ఆ గోడ మాటున ప్రార్థన. ట్రాన్సిల్వేనియా గోడ ఊరి కోసం లేచింది. గెల్డ్రియా గోడ సరుకు కోసం లేచింది. అక్కడ మోగిన కీర్తన ఎంత భక్తితో మోగినా ఆ గోడ ఎందుకు కట్టారన్నది మారదు.

మన దేశంలోనే ఇంకో రెండు ఉదాహరణలు చూడండి. మద్రాసు సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీస్ చర్చి 1680లో ప్రతిష్ఠ జరిగిన ఆంగ్లికన్ చర్చి. ఫిరంగి గుండ్లు పడినా తట్టుకునేలా దాని పైకప్పును గుండ్రటి కమానుగా మందంగా కట్టారు. 1758-59 ముట్టడిలో ఫ్రెంచివాళ్ళు ఇంగ్లీషువాళ్ళ పాత శ్మశానంలోని గోరీల చాటున నక్కి కోట మీద దాడి చేశారు. ముట్టడి ముగిశాక ఇంగ్లీషువాళ్ళు ఆ గోరీలను పడగొట్టి, వాటి ఫలకాలను మోసుకొచ్చి చర్చి చుట్టూ పరిచారు. ఇప్పటికీ అక్కడికి వెళ్ళేవాళ్ళు ఆ పేర్ల మీదుగానే నడవాలి. రెండోది కొచ్చి. 1663లో పోర్చుగీసువాళ్ళ నుంచి ఆ కోటను గెలుచుకున్న డచ్చివారు క్యాథలిక్ చర్చిలను కూల్చి, సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిని మాత్రం ఉంచుకుని రిఫార్మ్డ్ ఆరాధనకు మార్చుకున్నారు. 1724 నాటి వాళ్ళ సమాధుల తోటలో 104 గోరీలున్నాయి. కొచ్చిలో చర్చీ మిగిలింది, శ్మశానమూ మిగిలింది. పులికాట్‌లో గోరీలే మిగిలాయి.

ఆ గోరీల దగ్గరికి వెళ్ళేముందు ఈ సంఘం చావును ఎలా చూసిందో తెలుసుకోవాలి. రిఫార్మ్డ్ విశ్వాసం కాల్విన్ బోధ నుంచి పెరిగింది. చర్చిలో విగ్రహం ఉండకూడదు, పటం ఉండకూడదు. చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థన చేయకూడదు, ఎందుకంటే వాళ్ళ సంగతి దేవుడు ఎప్పుడో తేల్చేశాడు. 1618-19లో డోర్డ్రెక్ట్ నగరంలో జరిగిన మహాసభ సంఘానికి నియమావళి రాసింది. సమాధి చేసేటప్పుడు ప్రసంగం చేసే ఆచారం లేని చోట కొత్తగా పెట్టవద్దని, ఉన్న చోట మెల్లగా మాన్పించాలని అందులో ఒక నియమం. పెద్దకర్మ లేదు, సంవత్సరీకం లేదు, పాస్టరు నోట పొగడ్త లేదు. పోయినవాడి గురించి చెప్పుకోవడానికి ఒక్క రాయి మిగిలింది. అందుకే పులికాట్ రాళ్ళు అంత మాట్లాడతాయని నా అభిప్రాయం. పుట్టిన ఊరు, తేదీ, హోదా, ఎన్నేళ్ళ, ఎన్ని నెలల, ఎన్ని రోజుల వయసు, భార్య పేరు, వంశ చిహ్నం, అన్నీ ఆ ఒక్క ఫలకం మీద ఇరికించారు. నోటికి లేని స్వేచ్ఛ ఉలికి దొరికింది.

హాలెండ్‌లో ఆ రోజుల్లో పరువున్న కుటుంబాలవాళ్ళను చర్చి నేల కిందే పాతేవారు. నేల పరుపు బండే సమాధి ఫలకం. ఆ బండల నమూనానే ఇక్కడికీ వచ్చింది. పులికాట్‌లో చాలా ఫలకాలు తలుపు రెక్కల్లా నిడుపుగా, చదునుగా ఉండేది అందుకే. కింద పరవాల్సిన బండలను ఎండలోకి తెచ్చి ఇటుక దిమ్మల మీద పెట్టారు. ధనవంతులు అంతటితో ఆగలేదు. కొందరికి గోపురంలా సన్నగా పైకి లేచే సూచీ స్తంభాలు, కమానులున్న సమాధి మండపాలు కట్టారు. విగ్రహం వద్దన్న మతం వాళ్ళ తోట ద్వారానికి ఇరుపక్కలా రాతి అస్థిపంజరాలు కాపలా నిలబడి ఉన్నాయి. ఇసుక గడియారం, పుర్రె, ఎముకలు ఫలకాల మీద కూడా కనిపిస్తాయి. దేవుణ్ణి బొమ్మగా చేయకూడదు గానీ చావును చేయవచ్చు. ఆ శిల్పానికి అదే వెసులుబాటు.

ఆ శిల్పి ఎవరు? డచ్చి ఓడలో వచ్చినవాడు కాదు. కోరమండల్ తీరంలోని గట్టి నల్లరాయిని, గ్రానైటును, పాలిష్ పెట్టి అక్షరం తేల్చగల పనివాళ్ళు ఇక్కడివాళ్ళే. గుళ్ళల్లో స్తంభాలు చెక్కిన చేతులే అవి. వాళ్ళ పనితనం ఎంత పేరుపొందిందంటే ఈ తీరంలో చెక్కిన సమాధి ఫలకాలను ఓడల్లో బటావియాకు, నేటి జకార్తాకు, పంపించేవారు. జకార్తా పాత శ్మశానాల్లో మిగిలిన 17వ శతాబ్దపు ఫలకాల్లో కోరమండల్ రాయి ఇప్పటికీ ఉంది. ఆ పనివాడికి డచ్చి రాదు. కాగితం మీద రాసిచ్చిన గీతను గీతగా చూసి చెక్కాడు. ఒక తెలుగువాడో తమిళుడో తనకు అర్థం కాని భాషలో, తనకు తెలియని మనిషి వయసును రోజులతో సహా రాతిలో నిలబెట్టాడు. అక్షరాలు లేచి నిలిచిన తీరు, అంచున చుట్టుకున్న తీగ, డాలు మీద సింహం చూడండి. దాదాపు నాలుగు వందల ఏళ్ళ తర్వాత మనం చదవగలుగుతున్నామంటే అది అతని చలవే. ఆ రాళ్ళ మీద అతని పేరు లేదు.

పేరు లేనివాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళకు రాయి కూడా లేదు. పులికాట్ నుంచి బట్టలతో పాటు మనుషులు కూడా ఎగుమతయ్యారు. కరవు వచ్చినప్పుడల్లా, యుద్ధం వచ్చినప్పుడల్లా తిండిలేక తమను తాము అమ్ముకున్నవాళ్ళను, పిల్లలను అమ్ముకున్నవాళ్ళను, దళారులు పట్టుకొచ్చినవాళ్ళను కంపెనీ కొని బటావియాకు పంపింది. 1618 తర్వాతి దశాబ్దాల్లో ఈ తీరం నుంచి అలా వెళ్ళినవాళ్ళు వేలల్లో ఉన్నారు. ఇందాక చెప్పిన డోర్డ్రెక్ట్ మహాసభకు తూర్పు దీవుల నుంచి ఒక ప్రశ్న వచ్చింది. క్రైస్తవుల ఇళ్ళల్లో పెరుగుతున్న అన్యమతస్థుల పిల్లలకు, అంటే బానిసల పిల్లలకు, బాప్తిస్మం ఇవ్వవచ్చా అని. ముందు బోధ జరగాలి, పిల్లలు తమ విశ్వాసాన్ని తామే ఒప్పుకునే దశకు రావాలి, అప్పుడే ఇవ్వాలని సభ పెద్దలు ఎక్కువమంది చెప్పారు. బాప్తిస్మం పొందినవాణ్ణి మళ్ళీ అమ్మకూడదన్న అభిప్రాయం కూడా అక్కడ వినిపించింది. ప్రశ్న అడిగారన్నది వాస్తవం. ఓడలు ఆగలేదన్నది అంతకంటే పెద్ద వాస్తవం. ఆ ఓడలకు సంతకం పెట్టిన వర్తకాధికారులూ, ఆదివారం ఆరాధనలో ముందు వరసలో కూర్చున్నవాళ్ళూ ఒకరే. గోరీ మీద కనిపించే హోదా ఆ సంతకం పెట్టే హోదానే. ఆ తోటను అందమైన వారసత్వ స్థలంగా మాత్రమే చూపించే రచనలు నాకు మింగుడుపడకపోవడానికి కారణం ఇదే.

అయితే ఆ సంఘం చరిత్ర ఇంతటితో ముగిస్తే అదీ అన్యాయమే. ఆ కోటలోనే ఇంకో పని జరిగింది. అబ్రహాం రోజేరియస్ అనే పాస్టరు 1632 నుంచి 1642 దాకా పులికాట్ సంఘానికి కాపరిగా ఉన్నాడు. తూర్పు దేశాలకు పాస్టర్లను తయారు చేయడానికి లైడెన్‌లో పెట్టిన విద్యాలయంలో చదువుకున్నవాడు. జీతం ఇచ్చేది కంపెనీ, కాబట్టి కంపెనీ ఉద్యోగే. కానీ అతనికి గోడ అవతలి మనుషులు ఏం నమ్ముతారో, ఎలా బతుకుతారో తెలుసుకోవాలన్న పట్టుదల ఉండేది. కోట రక్షణ కోరి వచ్చిన పద్మనాభుడు అనే బ్రాహ్మణుడితో అతనికి స్నేహం కుదిరింది. ఇద్దరికీ ఉమ్మడిగా వచ్చిన భాష పోర్చుగీసు. శత్రువుల భాషలో కూర్చుని ఆ ఇద్దరూ సంవత్సరాల తరబడి మాట్లాడుకున్నారు. బ్రాహ్మణుల జీవితం, పెళ్ళి, అశౌచం, ఉపవాసాలు, వైష్ణవులు, శైవులు, చార్వాకులు, గుళ్ళు, ఉత్సవాలు, చావు తర్వాత ఆత్మ ఏమవుతుంది, ఇవన్నీ ప్రశ్నలు. రోజేరియస్ 1647లో స్వదేశం వెళ్ళి 1649లో గౌడా పట్టణంలో చనిపోయాడు. ఆ సంభాషణల నుంచి అతను రాసిన రాతప్రతిని అతని భార్య 1651లో లైడెన్‌లో అచ్చు వేయించింది. గుప్తంగా ఉన్న అన్యమతానికి తెరిచిన తలుపు అని ఆ గ్రంథం పేరుకు అర్థం.

పేరులో ఆ కాలపు చిన్నచూపు ఉంది. లోపల మాత్రం విన్నది విన్నట్టు రాసిన నిజాయితీ ఉంది. ఆ పుస్తకం చివర భర్తృహరి సుభాషితాలున్నాయి. పద్మనాభుడు పోర్చుగీసులో చెప్పగా రోజేరియస్ డచ్చిలో రాసుకున్న నీతి, వైరాగ్య శతకాలు అవి. శృంగార శతకం అందులో లేదు. ఒక సంస్కృత రచన ఐరోపా భాషలో అచ్చుకావడం అదే మొదలు. చార్లెస్ విల్కిన్స్ భగవద్గీతకు ఇంగ్లీషు అనువాదం తేవడానికి 134 ఏళ్ళ ముందు సంగతి ఇది. 1663లో జర్మన్‌లోకి, 1670లో ఫ్రెంచిలోకి ఆ గ్రంథం వెళ్ళింది. జర్మన్ ఆలోచనాపరుడు హెర్డర్ ఆ సూక్తులు చదివి వాడుకున్నాడు. మనకు భర్తృహరిని తెలుగు పద్యాల్లో ఇచ్చిన ముగ్గురిలో ఎలకూచి బాలసరస్వతి కూడా ఆ 17వ శతాబ్దంవాడే. ఒకే శతాబ్దంలో ఒక కవి భర్తృహరిని తెలుగులోకి తెస్తుంటే, పులికాట్ కోటలో ఒక పాస్టరూ ఒక పండితుడూ కలిసి డచ్చిలోకి తెచ్చారు. మన సాహిత్య చరిత్రలు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టాలి.

పద్మనాభుడికి పులికాట్ తోటలో రాయి లేదు, ఉండే అవకాశమూ లేదు. రోజేరియస్‌కూ అక్కడ లేదు, అతను గౌడాలో పోయాడు. ఆ కోట సంఘం చేసిన పనుల్లో లోకానికి ఎక్కువ కాలం ఉపయోగపడిన పని ఆ ఇద్దరిదే. హోదాలు చెక్కిన అన్ని ఫలకాల మధ్య ఈ ఇద్దరి లోటు నన్ను చాలా కదిలిస్తుంది.

తర్వాతి కథ త్వరగా చెప్పవచ్చు. 1690లో డచ్చివారు తమ కేంద్రాన్ని నాగపట్నానికి మార్చారు. 1781లో నాగపట్నం ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయాక మళ్ళీ పులికాట్‌కే వచ్చారు. 1795లో పులికాట్ కూడా పోయింది. 1818లో తిరిగి ఇచ్చారు గానీ 1824 ఒప్పందం ప్రకారం 1825లో భారతదేశంలోని డచ్చి స్థావరాలన్నీ బ్రిటిష్ వాళ్ళకు దఖలు పడ్డాయి. కోట ఇప్పుడు తుమ్మ పొదలు కమ్మిన దిబ్బ. చుట్టూ కందకం ఆనవాలు మిగిలింది. సమాధుల తోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. అలెగ్జాండర్ రే 1897లో మద్రాసు రాజధానిలోని డచ్చి కట్టడాల మీద తెచ్చిన సంపుటం, జూలియన్ జేమ్స్ కాటన్ 1905లో అచ్చువేసిన సమాధి శాసనాల పట్టిక మనకు ఈనాటికీ ఆధారాలు. రే గీయించిన బొమ్మల్లో స్పష్టంగా ఉన్న అక్షరాలు ఇవాళ రాతి మీద వెతుక్కోవలసి వస్తోంది. ఉప్పుగాలి ఆగదు కదా.

ఇక మన ఊళ్ళ సంగతి. పులికాట్ కోరమండల్ డచ్చివారికి రాజధానే గానీ వాళ్ళ గోరీలు అక్కడే ఆగలేదు. మచిలీపట్నం బందరు కోట దగ్గర వాళ్ళ శ్మశానం ఉంది. 1864 తుపానులో ముప్పై వేల ప్రాణాలు పోయిన ఊరది, అయినా ఆ రాళ్ళు నిలిచాయి. భీమిలిలో సముద్రానికి దగ్గర్లో సూచీ గోపురాల గోరీలున్నాయి. కాకినాడ జగన్నాథపురం, పాలకొల్లు 1825 దాకా వాళ్ళ చేతిలోనే ఉన్నాయి. బందరులో వలందపాలెం, నరసాపురంలో వలందర రేవు ఇంకా హాలెండ్ పేరుతోనే ఉన్నాయి. ఈ ఊళ్ళవాళ్ళు ఈ సభలో ఉన్నారని నాకు తెలుసు. మీరు చిన్నప్పుడు ఆ గోరీల మీద ఆడుకున్నవాళ్ళు అయివుంటారు.

మీకొక పని అప్పగిస్తాను. మొదట, ప్రతి ఫలకాన్నీ పొద్దున్న ఎండ ఏటవాలుగా పడే వేళ ఫోటో తీయండి. నడినెత్తిన ఎండలో కనపడని అక్షరం ఆ వెలుతురులో లేస్తుంది. సున్నం కొట్టవద్దు, రాయి మీద సుద్దతో దిద్దవద్దు, ఆమ్లంతో కడగవద్దు. తర్వాత ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాయండి, ఊహతో ఖాళీలు నింపవద్దు. రే పుస్తకంతో, కాటన్ పట్టికతో సరిచూడండి. 18వ శతాబ్దపు పేర్లయితే డచ్చి కంపెనీ జీతాల పుస్తకాలు హేగ్ నగరంలోని జాతీయ భాండాగారంలో ఉన్నాయి. ఏ ఓడలో వచ్చాడు, ఏ ఊరివాడు, ఎప్పుడు పోయాడు అన్నది వాటిలో దొరుకుతుంది. ఆ పట్టికను ఇంటర్నెట్‌లో ఉచితంగా వెతుక్కోవచ్చు. కంపెనీ ఉత్తరాల్లో నేతగాళ్ళ పేర్లు, దళారుల పేర్లు, ఓడకెక్కించిన మనుషుల లెక్కలు కూడా ఉన్నాయి. గోరీ మీది పేరు పక్కన ఆ పేర్లనూ ఆ లెక్కలనూ చేర్చి తెలుగులో ప్రచురించండి. ఊరి హైస్కూలులో, గ్రంథాలయంలో ఒక్కో ప్రతి పెట్టండి.

విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలకు, చరిత్ర శాఖలకు కూడా ఒక మనవి. రోజేరియస్ గ్రంథంలోని భర్తృహరి భాగాన్ని డచ్చి నుంచి నేరుగా తెలుగులోకి తీసుకురండి, ఏనుగు లక్ష్మణకవి పద్యాల పక్కన అచ్చువేయండి. డచ్చి నేర్చుకోవడానికి ఇద్దరు విద్యార్థులను పంపితే చాలు. ఈ స్మారక నిధి వడ్డీలో కొంత ఆ పనికి కేటాయించమని నిర్వాహకులను ఈ వేదిక మీద నుంచే కోరుతున్నాను.